చిన్న సైటుకు, పెద్ద సైటుకు ఫ్రేమ్‌వర్క్‌ను ఎంచుకునే విధానం

అమలాపురంలోనో భీమవరంలోనో ఒక దుకాణానికి, ఒక రైతు సంఘానికి, ఒక కళాశాలకు వెబ్‌సైటు చేసిపెట్టమని మిమ్మల్ని అడిగితే, మొదట వచ్చే సందేహం దాన్ని దేనితో కట్టాలన్నదే. జాంగో, లారవెల్, ఎక్స్‌ప్రెస్, స్ప్రింగ్ బూట్, నెక్స్ట్ జేఎస్ అంటూ పేర్లు చాలా వినిపిస్తాయి. లాగిన్, ఫారాలు, డేటాబేసుతో మాటామంతీ, పేజీల చిరునామాలు దాదాపు ప్రతి సైటుకూ కావలసినవే కాబట్టి, వాటిని ప్రతిసారీ కొత్తగా రాసుకోకుండా ముందే సిద్ధం చేసి ఒక క్రమంలో అమర్చి ఇచ్చేదాన్ని ఫ్రేమ్‌వర్క్ అంటున్నాం. వీటిలో ఏది గొప్పదన్న వాదం జోలికి పోకుండా, మీ చేతిలో ఉన్న పనికి ఏది తగినదో తేల్చుకునే పద్ధతిని వరుసగా చెబుతాను. సైటులోని సమాచారాన్ని రోజూ ఎవరు మారుస్తారు, మీరు పక్కకు తప్పుకున్నాక దాని బాగోగులు ఎవరు చూస్తారు అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే, ఫ్రేమ్‌వర్క్ ఎంపిక మూడొంతులు పూర్తయినట్టేనని నా నమ్మకం.

మొదటి పని: కంప్యూటరు తెరవక ముందే కాగితం మీద రాసుకోండి

సైటు చూసేవారు ఎవరు, మార్చేవారు ఎవరు, ఎంత తరచుగా మారుస్తారు, డబ్బు చేతులు మారుతుందా, తప్పు దొర్లితే ఎవరికి నష్టం అన్నవి ఒక్కొక్కటిగా రాయండి. మన ప్రాంతం నుంచే మూడు ఉదాహరణలు తీసుకుందాం. కడియపులంకలోని ఒక నర్సరీకి మొక్కల ఫొటోలు, ఫోను నంబరు, దారి చూపే మ్యాపు ఉంటే చాలు. ఆత్రేయపురంలో పూతరేకులు అమ్మే దుకాణానికి ఆర్డర్లు, చిరునామాలు, చెల్లింపులు, పార్శిల్ ఎక్కడిదాకా వెళ్లిందన్న సమాచారం కావాలి. భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతులకు ధరలు చూపే సైటయితే 30 కౌంట్, 50 కౌంట్, 100 కౌంట్ (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) అంటూ రకరకాల ధరలు ప్రతి ఉదయం మారతాయి. రైతులు చెరువు గట్టు మీద నిలబడి ఫోనులో చూస్తారు. కొన్నాళ్లకు పదిమంది కొనుగోలుదారులు ఎవరి ధర వారే నమోదు చేసుకుంటామని అడుగుతారు. పేజీల సంఖ్యను బట్టి చూస్తే మూడింటిలో నర్సరీదే పెద్ద సైటు కావచ్చు, ఎందుకంటే దానికి 400 మొక్కల పేజీలుండవచ్చు. అయినా కట్టేవాడికి అది చిన్న సైటే. ఎంతమంది, ఎన్ని రకాల అధికారాలతో, ఎంత తరచుగా సమాచారాన్ని రాస్తున్నారన్న దానిని బట్టే సైటు చిన్నదో పెద్దదో నిర్ణయించుకోవాలి.

ఈ కాగితం రాయకుండా పనిలోకి దిగి నేనొకసారి నష్టపోయాను. ఒక నర్సరీకి డేటాబేసుతో, లాగిన్‌తో, నిర్వహణ పేజీలతో పూర్తి సైటు కట్టి ఇచ్చాను. రెండేళ్లలో ఆ యజమాని అందులో మార్చినది ఫోను నంబరు, కొన్ని ఫొటోలు మాత్రమే. ఆ కొద్దిపాటి మార్పుల కోసం సర్వరుకు అద్దె కడుతూ, భద్రతా అప్‌డేట్లు వేస్తూ ఉండవలసి వచ్చింది. చివరికి దాన్నంతా తీసివేసి మామూలు పేజీలుగా మార్చాను. ఆనాటి నుంచీ సైటు వేగంగా తెరుచుకుంటోంది, నిర్వహణ ఖర్చు దాదాపు లేదు.

రెండో పని: అసలు ఫ్రేమ్‌వర్క్ అవసరమా అని తేల్చుకోండి

సమాచారం అప్పుడప్పుడే మారుతూ, మార్చేది మీరే అయితే, హ్యూగో, ఎలెవెంటీ, ఆస్ట్రో వంటి సాధనాలతో హెచ్‌టీఎంఎల్ పేజీలను ముందే తయారుచేసి పెట్టండి. వాటికి డేటాబేసు ఉండదు కాబట్టి చొరబడేవారికి ఆ దారి మూసుకుపోతుంది, ఎంతమంది ఒక్కసారిగా చూసినా తట్టుకుంటాయి. యజమానే వారానికోసారి తానే రాసుకుంటానంటే, 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్ ఇప్పటికీ చక్కని సాధనం. అదనపు సౌకర్యాల కోసం జోడించే ప్లగిన్లను మాత్రం లెక్కపెట్టి వేయండి, ఎందుకంటే ప్రతి ప్లగినూ మీరు రాయని, కానీ మీరే కాపలా కాయవలసిన కోడు. ఆర్డర్లు, లెక్కలు, వేర్వేరు మనుషులకు వేర్వేరు అధికారాలు అన్న మాట కాగితం మీద ఉంటేనే ఫ్రేమ్‌వర్క్ వైపు రండి.

మూడో పని: ముందు భాషను, తరువాత ఫ్రేమ్‌వర్క్‌ను ఎంచుకోండి

రేపు మీరు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగానికి వెళ్లిపోతే, ఆ సైటులో తప్పు సరిదిద్దగలిగిన మనిషి రాజమహేంద్రవరం నుంచి నరసాపురం వరకు ఎక్కడైనా దొరకాలి. మన ఇంజనీరింగు కళాశాలల నుంచి వచ్చే పిల్లలకు జావా, పైథాన్, జావాస్క్రిప్ట్ ఎంతో కొంత వస్తాయి; ఊళ్లలో సైట్లు చేసిపెట్టేవారిలో పీహెచ్‌పీ తెలిసినవారు ఎక్కువ. వారెవరికీ తెలియని భాషలో ఎంత అందంగా కట్టినా, ఆ అందం మీతోనే ఊరు దాటిపోతుంది.

భాష తేలాక ఫ్రేమ్‌వర్క్‌ల స్వభావాన్ని చూడండి. ఏది ఎక్కడ పుట్టిందో తెలిస్తే దాని స్వభావం సగం అర్థమవుతుంది. పైథాన్‌తో రాసిన జాంగో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, లారెన్స్ పట్టణపు దినపత్రిక కార్యాలయంలో పుట్టి 2005లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. గడువులోపు వార్తలు ఎక్కించవలసిన విలేఖరుల కోసం తయారైనది కాబట్టి, డేటాబేసు పట్టికలను మీరు నిర్వచించి, నిర్వహణ విభాగంలో చేర్చగానే సమాచారం నమోదు చేసే నిర్వహణ పేజీలు దానంతట అదే తయారుచేసి ఇస్తుంది. ప్రతి ఉదయం రొయ్యల ధరలు నమోదు చేసే గుమాస్తాకు అచ్చంగా కావలసినది అదే. 2011లో టేలర్ ఆట్‌వెల్ విడుదల చేసిన లారవెల్ పీహెచ్‌పీ తెలిసినవారికి అదే స్థాయి సౌకర్యాన్ని ఇస్తుంది. వెనకాల జరగవలసిన పనులకు వరుస కట్టించే ఏర్పాటు అందులోనే ఉంటుంది. 2010లో వచ్చిన ఫ్లాస్క్ (పైథాన్), ఎక్స్‌ప్రెస్ (జావాస్క్రిప్ట్) రెండూ కావాలనే చిన్నవిగా ఉంచినవి: లాగిన్ దేనితో, డేటాబేసు దేనితో అన్నది మీరే ఎంచి అమర్చుకోవాలి. ఒకే ఒక్క పని చేసే చిన్న సేవకు అవి బాగుంటాయి గాని, సైటు పెరిగే కొద్దీ మీరు అతికించిన భాగాలన్నీ కలిపి, ఎక్కడా వివరణ రాసి లేని మీ సొంత ఫ్రేమ్‌వర్క్ తయారైపోతుంది, తరువాత వచ్చినవారికి అది గుదిబండ అవుతుంది. సహకార బ్యాంకు, పెద్ద కళాశాల వంటి చోట ఇప్పటికే జావా తెలిసిన బృందం ఉంటే స్ప్రింగ్ బూట్ సరైనదే. ఒక్క మనిషి నడిపే సైటుకు దాని బరువు ఎక్కువ.

ఇంతదూరం వచ్చాక రెండు పేర్లకు మించి మీ జాబితాలో మిగలకూడదు.

నాలుగో పని: మిగిలిన రెండింటినీ తెలుగుతో పరీక్షించండి

ప్రతి ఫ్రేమ్‌వర్క్ మొదటి పాఠమూ ఇంగ్లీషు అక్షరాలతో సాఫీగా నడుస్తుంది. మనకు కావలసినది అది కాదు కనుక, ఒక్కొక్క దానికి రెండేసి రోజులు కేటాయించి, మీ సైటులోని ఒక నిజమైన పేజీని, అంటే ఒక ఫారాన్ని, ఒక జాబితాను, ఒక వెతుకులాటను తెలుగు సమాచారంతో కట్టి చూడండి. నేను తప్పక చూసేవి ఇవి.

పేజీ చిరునామాలు: శీర్షిక నుంచి చిరునామా తయారుచేసే జాంగోలోని స్లగిఫై అనే ఫంక్షన్, అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌ను అనుమతించమని చెప్పకపోతే తెలుగు అక్షరాలన్నింటినీ తీసివేసి ఖాళీ చిరునామా ఇస్తుంది. అనుమతించమని చెప్పినా గుణింతపు గుర్తులను, పొల్లును అక్షరాలుగా లెక్కించదు కాబట్టి ‘కొబ్బరి’ కాస్తా ‘కబబర’ అయిపోతుంది. అందుకని చిరునామాలో వరుస సంఖ్యను వాడండి, లేదా ఇంగ్లీషు అక్షరాల్లో చేత్తో నింపే ప్రత్యేకమైన గడిని పెట్టండి.

పొడవు పరిమితులు: చదివేవారికి ‘కొబ్బరి’ మూడు అక్షరాలే, కంప్యూటరు లెక్కలో అది ఏడు యూనికోడ్ సంకేతాలు, వాటిని నిల్వ చేసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి మూడు బైట్ల చొప్పున 21 బైట్లు. పేరుకు 20 అక్షరాలు చాలని ఇంగ్లీషు అంచనాతో పరిమితి పెడితే, మన ఇంటిపేరు, అసలు పేరు కలిపి రాసేసరికి సగంలో తెగుతుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేసు వాడితే యూటీఎఫ్8ఎంబీ4 అమరికనే ఎంచుకోండి. పాత మూడు బైట్ల అమరికలో తెలుగు పడుతుంది గాని, కొనుగోలుదారు తన సందేశం చివర పెట్టే నాలుగు బైట్ల ఎమోజీ పట్టదు.

తేదీ, సమయం: సర్వరు గడియారం సాధారణంగా యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది, మన సమయం దానికన్నా ఐదున్నర గంటలు ముందు. తెల్లవారుజామున 5 గంటలకు నమోదైన రొయ్య ధర, కాలమండలాన్ని సరిగా అమర్చకపోతే, నిన్నటి తేదీతో కనిపిస్తుంది. నిల్వ యూటీసీలో ఉంచి, చూపేటప్పుడు ఏషియా/కోల్‌కతా సమయానికి మార్చే వీలు ఫ్రేమ్‌వర్క్‌లో ఎంత తేలికో చూడండి. అంకెలు కూడా 125,000 అని కాకుండా 1,25,000 అని పడాలి. లక్షలు, కోట్లలో లెక్కపెట్టే మనిషి మొదటి రాతను చూసి ఒక్క క్షణం తడబడతాడు, ధరల సైటులో ఆ తడబాటు మంచిది కాదు.

ఇంకొక మాట. యజమానులు ఇచ్చే సమాచారం చాలావరకు ప్రింటింగ్ ప్రెస్సులో కరపత్రం కోసం అను ఫాంట్లలో టైపు చేసి ఉంటుంది. అది యూనికోడ్ కాదు కాబట్టి నేరుగా అతికిస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. ముందుగా యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులను కళ్లతో సరిచూశాకే డేటాబేసులోకి ఎక్కించండి. ఏ ఫ్రేమ్‌వర్క్ కూడా మీకు ఈ పని తప్పించలేదు.

ఐదో పని: రద్దీని అంచనా వేయండి, కానీ ఊహించుకుని భయపడకండి

గోదావరికి వరద వచ్చినప్పుడు లంక గ్రామాలవారంతా ఒకే సమాచారం కోసం ఫోను తీస్తారు. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది జారీ అవుతాయి. ఒక స్వచ్ఛంద సంఘం కోసం ఈ మట్టాలను చూపే సైటు కడుతున్నారనుకోండి. ఏడాది పొడవునా రోజుకు 200 మంది చూసే సైటును వరద రోజున ఒక్క గంటలో 10,000 మంది తెరిచి తలా మూడు పేజీలు చూస్తే, 30,000 అభ్యర్థనలు వస్తాయి; సెకనుకు ఎనిమిదికి కాస్త పైన. ఒక మాదిరి సర్వరు మీద, సరిగా కట్టిన ఏ ఫ్రేమ్‌వర్క్ అయినా దీన్ని మోయగలదు. ఆ పేజీని నిమిషానికి ఒక్కసారే తయారుచేసి, ఆ నిమిషమంతా అదే ప్రతిని అందరికీ ఇచ్చేలా క్యాషింగ్ పెడితే, డేటాబేసును గంటకు 60 సార్లు అడిగితే సరిపోతుంది.

ప్రమాదం వేరే చోట ఉంటుంది. తాజా మట్టం కనిపించాలని ప్రతి 5 సెకన్లకు పేజీ తనంతట తానే సర్వరును అడిగేలా ఎవరో ఒక చిన్న కోడు జోడిస్తారు. 10,000 మంది ఆ పేజీని తెరిచి ఉంచితే అది సెకనుకు 2,000 అభ్యర్థనలవుతుంది. అప్పుడు ఏ ఫ్రేమ్‌వర్క్‌ను నిందించీ లాభం లేదు. నీటిమట్టం ఐదు సెకన్లకొకసారి మారదు గదా, రెండు మూడు నిమిషాలకొకసారి అడిగితే చాలు.

సైట్లు నెమ్మదించడానికి రెండో పెద్ద కారణం డేటాబేసును అడిగే తీరు. వందమంది రైతుల జాబితా చూపుతూ ఒక్కొక్కరి గ్రామం పేరు కోసం మళ్లీ విడిగా అడిగితే, ఒక్క పేజీకి 101 ప్రశ్నలవుతాయి. అన్నింటినీ కలిపి ఒకేసారి తెప్పించే వీలు జాంగోలోను, లారవెల్‌లోను, రూబీ భాషలోని రైల్స్‌లోను ఉంది. ఒక్కొక్క పేజీకి ఎన్ని ప్రశ్నలు వెళ్తున్నాయో చూపే పనిముట్లు కూడా ఉన్నాయి. పరీక్ష రోజుల్లోనే ఆ సంఖ్యను చూడటం అలవాటు చేసుకోండి.

ఆరో పని: చౌక ఫోనులో తెరిచి చూడండి

రియాక్ట్, వ్యూ వంటివి బ్రౌజరులో నడిచే సాధనాలు. వాటితోనే మొత్తం సైటు కడితే, చూసేవారి ఫోను ముందుగా బరువైన జావాస్క్రిప్ట్‌ను దించుకుని, దాన్ని నడిపి, ఆ తరువాతే సమాచారాన్ని చూపుతుంది. వాన కురుస్తున్న సాయంత్రం సఖినేటిపల్లి దగ్గర ఒక చెరువు గట్టు మీద సిగ్నలు ఒకటీ అరా గీతలుంటే, ఆ రైతుకు కనిపించేది తెల్లని తెర. ధర, నీటిమట్టం, ఫోను నంబరు వంటి ముఖ్య సమాచారం సర్వరు నుంచే పూర్తి హెచ్‌టీఎంఎల్‌గా రావాలి. వెతుకులాట, వడపోత వంటి చోట్ల మాత్రమే కొద్దిగా జావాస్క్రిప్ట్ కలపండి. నెక్స్ట్ జేఎస్ వంటివి సర్వరు మీదే పేజీని తయారుచేయగలవు కనుక, రియాక్ట్ తప్పదనుకుంటే ఆ దారిన వెళ్లండి. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టిన కొలత. దాన్ని మీ లాప్‌టాప్‌లో కాకుండా, ఇంట్లో ఉన్న పాత ఫోనులో కొలవండి. తెలుగు ఫాంటును సైటుతో పాటు పంపుతుంటే, కావలసిన అక్షరాల మందాలు మాత్రమే, ఫాంటు బరువును తగ్గించే డబ్ల్యూఓఎఫ్ఎఫ్2 (WOFF2) రూపంలో పంపండి.

ఏడో పని: పెద్ద సైటయితే ఈ నాలుగింటినీ అడగండి

మొదటిది, డేటాబేసు రూపం మారినప్పుడు ఆ మార్పును క్రమబద్ధంగా నమోదు చేసే మైగ్రేషన్ల ఏర్పాటు ఉందా? 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయ్యాయి. తూర్పు గోదావరిలో ఉండిన అమలాపురం కోనసీమ జిల్లాకు కేంద్రమైంది. పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రం ఏలూరు నుంచి భీమవరానికి మారింది. జిల్లాల పేర్లను కోడులో అక్కడక్కడా నేరుగా రాసుకున్నవారు ఫైళ్లన్నీ వెతుక్కోవలసిందే. జిల్లాలను, మండలాలను పట్టికలో పెట్టుకున్నవారికి అది ఒక్క మైగ్రేషనుతో పూర్తయ్యే పని.

రెండోది, ఎవరు ఏది చూడవచ్చు, ఏది మార్చవచ్చు అన్న అధికారాల అమరిక. ఒక కొనుగోలుదారు ఇంకొకరి ధరను మార్చగలిగితే ఆ సైటును ఎవరూ నమ్మరు. దీన్ని చివర్లో జోడించుకోవచ్చులే అనుకోకండి.

మూడోది చెల్లింపులు. యూపీఐతో డబ్బు కట్టిన మరుక్షణం కొనుగోలుదారు ఫోనులో సిగ్నలు పోతే, అతని బ్రౌజరు మీ సైటుకు తిరిగి రాదు. డబ్బు మాత్రం వెళ్లిపోయి ఉంటుంది. బ్రౌజరు తిరిగి వచ్చిందా లేదా అన్న దానిని బట్టి కాకుండా, చెల్లింపు సంస్థ సర్వరు నుంచి మీ సర్వరుకు నేరుగా వచ్చే వెబ్‌హుక్ సందేశాన్ని, అది ఆ సంస్థే పంపిందని రుజువు చేసే డిజిటల్ సంతకాన్ని సరిచూసి ఆర్డరును ఖాయం చేయాలి. అదే సందేశం రెండుసార్లు వచ్చినా ఆర్డరు ఒక్కటే నమోదు కావాలి.

నాలుగోది, వెనకాల జరగవలసిన పనులు. ధర మారగానే 5,000 మందికి సందేశాలు పంపాలంటే, నమోదు చేసిన గుమాస్తా అవి వెళ్లేదాకా పేజీ ముందు కూర్చోకూడదు. లారవెల్‌లో ఇందుకు వరుస ఏర్పాటు ఉంది. జాంగోతో సెలరీ అనే పనిముట్టును వాడటం రివాజు.

పెద్ద సైటు అనగానే దాన్ని పది చిన్న సేవలుగా చీల్చాలన్న సలహా కూడా వినిపిస్తుంది. ఇద్దరు ముగ్గురు నడిపే సైటుకు అది తగదని నా అభిప్రాయం. ఒకే అప్లికేషన్, ఒకే డేటాబేసు, లోపల విషయాల వారీగా చక్కగా విడదీసిన భాగాలు ఉంటే చాలాదూరం వెళ్లవచ్చు.

ఎనిమిదో పని: ఆయుష్షు చూడండి

బ్రౌజరులో నడిచే యాంగులర్‌జేఎస్ అనే ఫ్రేమ్‌వర్క్ మీద ఎన్నో సైట్లు కట్టారు. 2021 చివరితో దాని మద్దతు ముగిసింది, తరువాత వచ్చిన యాంగులర్ దానికి కొనసాగింపు కాక కొత్తగా రాసినది కావడంతో చాలామంది మళ్లీ కట్టుకోవలసి వచ్చింది. అందుకని మీరు ఎంచుకున్న వెర్షనుకు భద్రతా సవరణలు ఎప్పటిదాకా వస్తాయో తేదీతో సహా రాసుకోండి. 2025 ఏప్రిల్‌లో వచ్చిన జాంగో 5.2 దీర్ఘకాల మద్దతు ఉన్న వెర్షను, దానికి 2028 ఏప్రిల్ వరకు సవరణలు వస్తాయి. లారవెల్ వెర్షన్లకు భద్రతా సవరణలు రెండేళ్లే. యజమానితో ఒప్పందం రాసేటప్పుడే, ఆ గడువు దగ్గర పడ్డప్పుడు కొత్త వెర్షనుకు మార్చే పనికి విడిగా డబ్బు ఇవ్వాలని చెప్పి ఒప్పించండి.

చివరి పని: ఎక్కడ ఉంచాలి, ఎవరి పేరున ఉంచాలి

ఒకే సర్వరును చాలా సైట్లు పంచుకునే, చౌకగా దొరికే షేర్డ్ హోస్టింగులో పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ సిద్ధంగా ఉంటాయి కనుక చిన్న ఖర్చుతో నడవాలంటే వర్డ్‌ప్రెస్, లారవెల్ తేలిక. జాంగోకు, జావాస్క్రిప్ట్‌ను సర్వరు మీద నడిపే నోడ్‌కు చాలాసార్లు విడిగా వర్చువల్ సర్వరు కావాలి; దాన్ని చూసుకునే మనిషీ కావాలి. ఈ ఖర్చును రెండో పనిలోనే లెక్కలోకి తీసుకోవలసింది, చాలామంది ఇక్కడికి వచ్చాకే గుర్తు తెచ్చుకుంటారు.

డొమైన్ పేరును తప్పనిసరిగా యజమాని ఈమెయిలుతో, యజమాని ఫోను నంబరుతో నమోదు చేయించండి. నాకు తెలిసిన ఒక మిఠాయి దుకాణంవారి డొమైన్, సైటు కట్టిన వ్యక్తి పేరున ఉండిపోయి, ఆయన ఊరు మారాక పునరుద్ధరణ గడువు దాటిపోయింది. కొన్నేళ్లుగా పెట్టెల మీద అచ్చు వేయించుకుంటూ వచ్చిన చిరునామా పనికిరాకుండా పోయింది.

డేటాబేసు ప్రతిని రోజూ ఇంకొక చోటికి పంపే ఏర్పాటు చేయండి. పంపితే సరిపోదు, జూన్‌లో, వరదల కాలం మొదలయ్యే ముందు, ఆ ప్రతిని తీసుకుని ఇంకొక కంప్యూటరులో సైటును మొదటి నుంచి నిలబెట్టి చూడండి. మీరు రాసిపెట్టిన సూచనలను మాత్రమే చదివి, మీ సాయం లేకుండా, తరువాత ఆ సైటును చూసుకోబోయే మనిషి చేతనే ఆ పని చేయించండి. అతను ఆగిపోయిన ప్రతి చోటా సూచనల కాగితంలో ఒక వాక్యం చేర్చి, మళ్లీ మొదటి నుంచి చేయించండి.